ప్రధాన గాయని: పేరు తెలియదు

పీహెచ్‌డీ చేసేవాళ్లకు అంకెలు రావని బక్కయ్య అభిప్రాయం. వనపర్తిలో ఇరవై ఏళ్లుగా పుస్తకాలు కుడుతున్నాడు. సిద్ధాంత గ్రంథం పట్టుకొచ్చినవాడు ఒక్కడైనా పేజీలు వరుసగా తెచ్చిన పాపాన పోలేదు.

బుధవారం పొద్దున జితేందర్ సారు ఐదు కట్టలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక్కో కట్ట మూడు వందల ఇరవై పేజీలు. ఆయన నాగర్‌కర్నూల్ కాలేజీలో తెలుగు చెప్తాడు. వయసు నలభైకి దగ్గర. ఏడేళ్లుగా పాలమూరు పనిపాటల మీద పరిశోధన చేస్తున్నాడు. సోమవారం హైదరాబాదులో యూనివర్సిటీకి అప్పజెప్పాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు. ఇక పెంచరు.

"నల్ల రెగ్జిన్ కాకా. వీపు మీద బంగారు అక్షరాలు. శనివారం సాయంత్రం వచ్చి తీస్కపోత."

"పేజీలు చూసుకున్నవా?"

"చూసిన."

"అందరు గదే అంటరు."

జితేందర్ నవ్వి బస్సుకు పోయాడు. బక్కయ్య నవ్వలేదు. స్టవ్ మీద మైదా గంజి పెట్టాడు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేశాడు. గంజి ఉడికేలోగా అట్టలు కోశాడు. ఆ తర్వాత రేకు డబ్బాలోంచి ఐదు చిట్టీలు తీసి పక్కన పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె అంత చిట్టీ. "బక్కయ్య బుక్ బైండింగ్ వర్క్స్, వనపర్తి" అని అచ్చువేసి ఉంటుంది. కుట్టిన ప్రతి పుస్తకానికీ వెనక అట్ట లోపల, కింద మూలన అతికిస్తాడు. అడిగినా అతికిస్తాడు, అడగకపోయినా అతికిస్తాడు. ఒకసారి ఒక వకీలు వద్దన్నాడు. బక్కయ్య అతని ముందే దారం కోసి, పుస్తకం విప్పి, కాగితాలు చేతిలో పెట్టి పంపించాడు.

మధ్యాహ్నం పేజీలు చూడడం మొదలుపెట్టాడు. బక్కయ్య పుస్తకాలు చదవడు. ఏడో తరగతి దాకా చదువుకున్నాడు, కానీ కుట్టేటప్పుడు కన్ను అంకె మీదే ఉంటుంది. ఎడమ చేతి బొటనవేలితో కాగితాల మూలలు ఒకటొకటిగా లేపుతూ పోతాడు. దబ్బనం దిగాక పేజీ మారదు. అందుకే దిగకముందే చూడాలి.

మూడో కట్టలో 314వ పేజీ తలకిందులుగా ఉంది.

"చూసిండంట" అని గొణిగి, దాన్ని తీసి తిప్పాడు. సరైన పేజీయేనా అని పై వరస చదివాడు. "వీడియో రికార్డింగులు, చలనచిత్రాలు" అని ఉంది. కింద మొదట ఒక సినిమా వివరాలు. దర్శకుడు, నిర్మాత, సంగీతం, పాడినవాళ్లు ఇద్దరు, విడుదల చేసిన కంపెనీ, సంవత్సరం, నిడివి. ఆ కింద ఇలా ఉంది.

"పల్లి చేను కలుపు పాటలు. వీడియో క్యాసెట్. చిత్రీకరణ: మునవ్వర్, అలంపూర్. పాన్‌గల్, 2001. 38 నిమిషాలు. ప్రధాన గాయని: పేరు తెలియదు."

బక్కయ్య కళ్లద్దాలు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ చదివాడు. తర్వాత మిగతా నాలుగు కట్టల్లోనూ 314వ పేజీ తీసి చూశాడు, ఏదో ఒకదాంట్లోనైనా వేరుగా ఉంటుందేమోనన్నట్టు. ఐదింట్లోనూ అదే ఉంది.

పాన్‌గల్ ఆయన ఊరు. పల్లి చేను ఆయనది. పాడిన మనిషి ఆయన భార్య. చనిపోయి ఐదేళ్లయింది.

దబ్బనాన్ని కర్రపెట్టెలో పెట్టి మూత వేశాడు. స్టవ్ ఆర్పాడు. గంజి గడ్డకట్టింది. మొదటి కట్ట ముందేసుకుని ఆ టేపు మాట ఎక్కడుందో వెతికాడు. నాలుగో అధ్యాయంలో నలభై ఒక్క పేజీలు దాని మీదే ఉన్నాయి. "ప్రధాన గాయని చివరి పాదాన్ని సగంలో ఆపి, తక్కిన స్త్రీలు అందుకునేదాకా ఎదురుచూస్తుంది. ఆ మౌనం కూడా పాటలో భాగమే." నిజమే. ఆమె అట్లే ఆపేది. వంట చేస్తూ పాడుకున్నా అట్లే ఆపేది, అందుకునేవాళ్లు ఎవరూ లేకున్నా. ఈ జితేందర్ పాన్‌గల్‌లో అడుగు పెట్టలేదు, అయినా సరిగ్గా పట్టుకున్నాడు. అది ఇంకా మండించింది. ఇంత పట్టుకున్నవాడికి పేరు దొరకలేదు.

నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఐదోసారి స్విచాఫ్ అని చెప్పింది.

*

గురువారం పొద్దున బక్కయ్య 314వ పేజీని రెండు అట్టముక్కల మధ్య పెట్టి, దారంతో కట్టి, చంకలో పెట్టుకుని నాగర్‌కర్నూల్ బస్సెక్కాడు. బస్సు సగం దారిలో ఆగింది. టైరు మార్చేసరికి గంట పట్టింది. కాలేజీకి చేరేసరికి జితేందర్ క్లాసులో ఉన్నాడు. వరండాలో కూర్చోమన్నారు. కూర్చోలేదు. స్తంభం పక్కన నిలబడ్డాడు.

జితేందర్ చేతులకున్న సుద్దపొడి దులుపుకుంటూ వచ్చి ఆయన్ని చూసి ఆగాడు.

"కాకా, నువ్వేంది గిక్కడ? కట్టలు మంచిగున్నయా?"

"మంచిగున్నయ్. నీ రాతనే మంచిగ లేదు."

స్టాఫ్‌రూములో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. బక్కయ్య గ్లాసు ముట్టలేదు. దారం విప్పి, పేజీ తీసి, బల్ల మీద పెట్టి వేలితో చూపించాడు.

"ఇదేంది?"

జితేందర్ చదివాడు. "టేపు వివరాలు కాకా. వీడియోల నుంచి ఏమన్న తీస్కుంటే ఎవరు తీసిండ్రు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని నిమిషాలు, అన్నీ రాయాలె. నియమం."

"పేరు తెలియదు అని రాసుడు గూడ నియమమేనా?"

"తెల్వకుంటే తెల్వదనే రాయాలె. ఊహించి రాస్తే తప్పు."

"పాడింది మా ఇంటామె."

జితేందర్ చేతిలో గ్లాసు ఆగింది.

"నిజంగనా? అరే, ముందుగాల తెలిస్తే ఎంత బాగుండు."

"అడిగితే తెలుస్తుండె."

"ఎవర్ని అడగాలె కాకా? టేపు మీద పాన్‌గల్, 2001 అని ఉంది. పాన్‌గల్‌ల ఎంతమంది ఉంటరు?"

"బస్సు ఉంటది. ఎక్కి పోయి అడిగేది. ఆమె గొంతు ఎక్కడ లేస్తదో, ఎక్కడ ఆగుతదో నలభై పేజీలు రాసినవ్. ఇక్కడికెల్లి పాన్‌గల్‌కు ఎంత దూరం?"

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వు ఆపుకున్నారు.

"సరే. పేరు చెప్పు. ఏం చేయొచ్చో చూస్త."

బక్కయ్య జేబులోంచి పెన్సిల్ తీశాడు. బల్ల మీద ఉన్న పాత ప్రశ్నపత్రం వెనక రాసి ముందుకు తోశాడు. "జమ్ములమ్మ" అని ఉంది. గుండ్రటి, లావు అక్షరాలు.

"నోటితోని చెప్పొచ్చు గద కాకా."

"రాసిచ్చిన గద."

జితేందర్ హైదరాబాదులో ఉన్న గైడుకు ఫోన్ చేశాడు. బయటికి పోయి మాట్లాడాడు, కానీ కిటికీలోంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి. అవును సార్. భర్తే సార్. బైండింగ్ చేస్తడు సార్. లేదు సార్, తమాషా కాదు సార్. ఆ తర్వాత చాలాసేపు వింటూ నిలబడ్డాడు. లోపలికి వచ్చేసరికి మొఖం వాడిపోయింది.

"గైడు ఒప్పుకుంటలేడు. ఎవరో వచ్చి మా ఇంటామె అని చెప్తే రాసుడేంది, రేపు ఇంకొకడు వచ్చి మా అమ్మ అంటే అదీ రాస్తవా అంటుండు. టేపుల లేనిది రాయొద్దంట."

"టేపులనే ఉన్నది."

"లేదు కాకా. నేను వందసార్లు చూసిన."

"నువ్వు చూసింది కోసిన టేపు. పాట షురూ గాకముందు చదువు మేడం, సుభద్రమ్మ, మైకు పట్టుకొని అందరి పేర్లు అడిగింది. రాత్రి బడి కోసం వీడియో తీస్తున్నరని ఊరంత చూడనీకి వచ్చింది. నేను చేను గట్టు మీద నిలబడ్డ. అడిగింది, ఆమె చెప్పింది. ఈ చెవులతోని విన్న."

"నా కాపీల పాటలే ఉన్నయ్."

"మరి అసలుది చూడు."

"అసలుది అలంపూర్‌ల మునవ్వర్ భాయ్ దగ్గర ఉండె. మొన్నటి తుంగభద్ర వరదల ఆయన దుకాణం మొత్తం మునిగింది కాకా. ఉందో లేదో తెల్వదు. సోమవారం నేను ఇయ్యాలె. జర సమజ్ చేస్కో."

"నేను చేస్కున్న. నువ్వే చేస్కుంటలేవు. పేరు లేకుంటే దబ్బనం దిగది."

జితేందర్‌కు కోపం వచ్చింది. గ్లాసును బల్ల మీద గట్టిగానే పెట్టాడు.

"అయితే కట్టలు తీస్కపోయి ఇంకో దగ్గర కుట్టిచ్చుకుంట."

"తీస్కపో. దుకాణం తాళంచెవి నా మొలతాడుకుంది."

పక్క బల్ల దగ్గరాయన ఈసారి నవ్వు ఆపుకోలేకపోయాడు. జితేందర్ అటు తిరిగి చూసి, మళ్లీ బక్కయ్యను చూసి, రెండు చేతులతో మొఖం తుడుచుకున్నాడు. మునవ్వర్‌కు ఫోన్ కలిపాడు.

*

శుక్రవారం ఇద్దరూ పెబ్బేరులో కలిసి కర్నూలు బస్సెక్కారు. ఒకే సీటులో కూర్చున్నారు. బీచుపల్లి దగ్గర కృష్ణ తగ్గి మామూలుగా పారుతోంది. గట్ల మీది తుమ్మచెట్ల కొమ్మల్లో ఇంకా గడ్డీ గుడ్డలూ చిక్కుకుని ఉన్నాయి. జితేందర్ సంచిలోంచి ఒక జిరాక్సు పుస్తకం తీసి చదువుకుంటున్నాడు. యూనివర్సిటీ నియమాల పుస్తకం. మూలలు నలిగి, కుట్టు వదిలి, పేజీలు బయటికి వస్తున్నాయి.

"ఎవడు కుట్టిండు దాన్ని?" అన్నాడు బక్కయ్య.

"పిన్ను కొట్టిండ్రు అంతే."

"కనబడుతుంది."

అలంపూర్ చౌరస్తాలో దిగి ఆటోలో ఊళ్లోకి పోయారు. గోడల మీద నిలువెత్తున నీటి గీత ఉంది. గీత కింద మట్టి రంగు, పైన పాత సున్నం. మునవ్వర్ స్టూడియో తలుపులు ఊడదీసి బయట ఎండకు ఆనించి ఉన్నాయి. లోపల నులక మంచం మీద విప్పిన క్యాసెట్లు. మునవ్వర్ భార్య సమీనా ఒక టేపును పెన్సిల్‌కు చుడుతోంది. పక్కన తొట్టిలో శుభ్రమైన నీళ్లు, మెత్తటి గుడ్డ.

"రా బక్కయ్య భాయ్" అన్నాడు మునవ్వర్. మనిషి బక్కచిక్కాడు, గడ్డం తెల్లబడింది. "ఆరొందల పెండ్లిళ్లు మునిగినయ్. అందరు వచ్చి మా పెండ్లి ఇయ్యి అంటుండ్రు. ఒకామె మొన్న ఏడ్సి పోయింది. మొగుడు దుబాయిల ఉన్నడంట, టేపు పోయిందని చెప్పనీకి భయమంట."

"మాది ఉందా?"

"నన్నడగకు. కడిగేది ఆమె."

సమీనా టేపు చుట్టడం ఆపలేదు. "పైన కాగితాలు అన్నీ కొట్టుకపోయినయ్ అన్నా. ఏది ఎవరిదో తెల్వదు. ఆరబెట్టినంక ఒక్కొక్కటి పెట్టి చూసి, ఏం కనబడితే అది రాసిన." అలమరలో వరసగా పేర్చిన క్యాసెట్లను చూపించింది. తెల్ల పట్టీల మీద నీలం సిరాతో ఉర్దూ, తెలుగు కలిపి రాసి ఉంది. పచ్చ పందిరి పెండ్లి. ఏడుస్తున్న పిల్లగాని పుట్టినరోజు. గుర్రం మీద నుంచి పడ్డ పెండ్లికొడుకు. ఆమె లేచి కింద వరసలోంచి ఒకటి తీసింది. "చేను, ఆడోళ్లు, మంచి పాట" అని ఉంది.

"ఇదే కావచ్చు. దీన్ని మూడుసార్లు పెట్టుకొని విన్న. పాడుతూ మధ్యల ఆగుతది ఆమె."

బక్కయ్య స్టూలు లాక్కుని టీవీ ముందు కూర్చున్నాడు.

మునవ్వర్ టేపు పెట్టాడు. మొదట గీతలు. తర్వాత బొమ్మ వచ్చింది, ఒకవైపు వంగి, నీళ్లలో చూస్తున్నట్టు కదులుతూ. గొంతులు మాత్రం బాగానే ఉన్నాయి. గాలి, కాకులు, ఎవరో దగ్గడం. ఆ తర్వాత పల్లి చేను. సాళ్ల మధ్య ఐదుగురు ఆడవాళ్లు. మైకు పట్టుకుని ఒక చలువ కళ్లద్దాల మేడం.

"సూడు" అన్నాడు బక్కయ్య. "చెప్పిన గద. సుభద్రమ్మ మేడం."

జితేందర్ ముందుకు వంగాడు. "మునవ్వర్ భాయ్, ఈ ముక్క నాకెందుకు ఇయ్యలే?"

"మాటలొద్దు, పాటలే కాపీ చేయమన్నవ్ గద సారూ. ఒక్క క్యాసెట్‌ల పట్టాలె అన్నవ్."

"రాసుకో" అన్నాడు బక్కయ్య. "నువ్వే కోయిచ్చినవ్. ఆ సంగతి గూడ నీ పుస్తకంల రాసుకో."

టీవీలో మేడం మొదటి మనిషి దగ్గరికి పోయింది. "మీ పేరమ్మా?" "నర్సమ్మ." జితేందర్ గబగబా కాగితం మీద రాసుకున్నాడు. "మీది?" "ఎంకమ్మ." ఇంకో ఇద్దరు చెప్పారు. ఒకామె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా చెప్పింది.

తర్వాత ఆమె.

పిడికిట్లో పీకిన గడ్డి ఉంది. దాన్ని సాలులో పడేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. కెమెరా వైపు తిన్నగా చూసింది. మిగతావాళ్ల లాగా తల దించలేదు.

"మీ పేరమ్మా?"

"నా పేరు..."

"మా ఇంటామె మేడం." బొమ్మలో లేని మగ గొంతు, గట్టిగా, పక్కనుంచి. "బక్కయ్య భార్య అని రాసుకోండ్రి. బుక్ బైండింగ్ బక్కయ్య, వనపర్తి."

"ఓహో, మంచిది" అంది మేడం. మైకు తీసేసింది.

ఆమె నోరు ఇంకా కొంచెం తెరిచే ఉంది. ఒక్క క్షణం మైకు పోయినవైపు చూసింది. తర్వాత మూసుకుంది. వంగి మళ్లీ గడ్డి పట్టుకుంది. పాట మొదలైంది.

పాట సాగింది. చివరి పాదం సగంలో ఆగింది. నలుగురూ అందుకున్నారు.

"ఆపు" అన్నాడు బక్కయ్య.

మునవ్వర్ ఆపాడు.

"ఎనకకు తిప్పు."

తిప్పాడు. మళ్లీ గడ్డి పడేసింది, మళ్లీ చేతులు తుడుచుకుంది, మళ్లీ "నా పేరు" అంది. మళ్లీ ఆ గొంతు. బక్కయ్య మూడోసారి తిప్పమన్నాడు. ఈసారి ఆయన ఆమెను చూడలేదు. తల వంచుకుని ఆ గొంతునే విన్నాడు. గర్వంగా ఉంది. గట్టు మీద నిలబడ్డ ఊరంతటికీ వినబడేలా ఉంది.

జితేందర్ గొంతు సవరించుకున్నాడు. గెలిచిన ఆనందం అతని మొఖంలో లేదు. బస్సు దొరుకుతుందా అన్న ఆందోళన ఉంది.

"కాకా, పోనీ ఒకటి మాత్రం అయింది. టేపుల లేనిది రాయొద్దన్నరు. టేపుల ఉన్నది రాయొచ్చు. ప్రధాన గాయని: బక్కయ్య భార్య. మూడో నిమిషం. నియమం ప్రకారం సరిపోతది. గైడు గూడ ఏమనడు."

"వద్దు."

"నువ్వే గద చెప్పినవ్ టేపుల."

"నేనే చెప్పిన. వద్దు."

"మరేం రాయమంటవ్? నలుగురి పేర్లు ఉన్నయ్, ఆమెదే లేదు. నేను కోసింది కాదు అది."

"తెల్సు."

"మళ్ల 'తెలియదు' అనే ఉంచాలె."

బక్కయ్య ఆ మాటకు తలెత్తాడు. జితేందర్ ఒకడుగు వెనక్కి వేశాడు. కానీ బక్కయ్య అతన్ని చూడడం లేదు. టీవీలో ఆగిపోయిన బొమ్మను చూస్తున్నాడు. సగం తెరిచిన నోరు గీతల మధ్య వణుకుతోంది.

సమీనా పెన్సిల్ పక్కన పెట్టింది. "పేరు పట్టీల మీద లేకుంటే నేను చూసి రాసిన గద. మీరు గూడ అట్ల ఎందుకు రాయొద్దు?"

"చూసి రాసింది సాక్ష్యం కాదమ్మా" అన్నాడు జితేందర్ విసుగ్గా. నియమాల పుస్తకం తిప్పాడు. ఒక పేజీ ఊడి కింద పడింది. తీసి చదువుతూ ఆగాడు. మళ్లీ చదివాడు. "ఒక దారుంది. రికార్డింగుల లేని సమాచారం బయటికెల్లి తెస్తే చదరపు బ్రాకెట్ల పెట్టాలె. ఎక్కడికెల్లి వచ్చిందో కింద చూపియ్యాలె. ఊరికె చెప్పింది చెల్లది. రాసిందన్న కావాలె, రికార్డన్న కావాలె."

"నా దగ్గర కెమెరా ఉంది" అన్నాడు మునవ్వర్. "అదొక్కటే మేడ మీద ఉండి బతికింది. భాయ్, నువ్వు కూసో. చెప్పు. అయిపాయె."

*

స్టూలును వెలుతురు వైపు జరిపారు. వెనక గోడ మీద నీటి గీత పడుతుందని మునవ్వర్ ఒక దుప్పటి కట్టబోయాడు. ఉండనీయమన్నాడు బక్కయ్య. జితేందర్ కెమెరా పక్కన నిలబడి తేదీ, ఊరు చెప్పాడు. ఆ తర్వాత క్లాసులో అడిగినట్టు అడిగాడు.

"2001లో పాన్‌గల్‌ల తీసిన టేపుల, ముందుగ పాడినామె ఎవరు?"

"మా ఇంటామె."

"పేరు?"

బక్కయ్య నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. కెమెరాలో చిన్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఇరవై ఆరేళ్లు కాపురం చేశాడు. ఇగో అన్నాడు, ఏయ్ అన్నాడు, ఇంటామె అన్నాడు. ఆమె ఆయన పేరు పలకలేదు, ఆయన ఆమె పేరు పలకలేదు. ఆ ఇళ్లలో ఎవరూ పలకరు. చివరికి దవాఖానలో చీటీ రాసేటప్పుడు నర్సు పేరడిగితే కూడా రేషన్ కార్డు తీసి కిటికీలో పెట్టాడు.

మునవ్వర్ కెమెరా ఆపాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే.

"కాకా, బస్సు పోతది" అన్నాడు జితేందర్. తర్వాత కొంచెం మెత్తబడి, "నోటికి రాకుంటే కాగితం మీద రాసి పట్టుకో. అదీ చెల్తది. ఫరక్ లేదు."

బక్కయ్య జేబులోంచి పెన్సిల్ తీశాడు. మొన సరిగ్గా ఉందో లేదో చూశాడు. వేళ్ల మధ్య ఒకసారి తిప్పాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"షురూ చెయ్" అన్నాడు.

"పేరు?"

"జమ్ములమ్మ."

మునవ్వర్ కెమెరా మీదినుంచి తలెత్తాడు. "భాయ్, జర గట్టిగ. మైకు అందుకోలే."

సమీనా మొగుడి వైపు కోపంగా చూసింది. బక్కయ్య ఏమీ అనుకోలేదు. వీపు నిటారు చేసుకున్నాడు.

"జమ్ములమ్మ" అన్నాడు. చేను గట్టు మీద నుంచి అన్నంత గట్టిగా.

"సాక్షి పేరు?"

"అదెందుకు?"

"కావాలె."

"ఆమె మొగడు అని రాసుకో."

"గట్ల చెల్లది కాకా. సాక్షికి పేరుండాలె. నియమం."

బక్కయ్య జితేందర్‌ను కొరకొరా చూశాడు. చివరికి ఎవరినో తిడుతున్నట్టు తన పేరు చెప్పాడు. మునవ్వర్ కెమెరా ఆపాడు.

సమీనా "చేను, ఆడోళ్లు, మంచి పాట" అన్న క్యాసెట్ చేతిలోకి తీసుకుంది. ఆ పట్టీ పీకలేదు. దాని కిందనే ఇంకో పట్టీ అతికించి, సిరా పెన్ను బక్కయ్యకు ఇచ్చింది.

*

శనివారం జితేందర్ కొత్త 314వ పేజీలు ఐదు తెచ్చాడు. అక్కడే కూర్చుంటానన్నాడు. కూర్చోమన్నాడు బక్కయ్య. పాత పేజీలు ఐదూ లెక్కపెట్టి తీసుకుని, నాలుగుగా చించి, పొయ్యి పక్కన పడేశాడు. కొత్తవి ఒకటొకటిగా చదివి, ఒకటొకటిగా కట్టల్లో దూర్చాడు.

"ప్రధాన గాయని: [జమ్ములమ్మ]. తోడు గాయనులు: నర్సమ్మ, ఎంకమ్మ..." మిగతా ఇద్దరి పేర్లు కూడా ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో అలంపూర్ రికార్డు, తేదీ, నిమిషం, సాక్షి పేరు.

"ఈ పెట్టెలేంది పేరు చుట్టు?"

"బ్రాకెట్లు. టేపుల లేదు, బయటికెల్లి తెచ్చినం అని గుర్తు. అవి లేకుంటే గైడు ఒప్పుకోడు."

బక్కయ్య కాసేపు ఆ బ్రాకెట్ల మీద వేలు పెట్టి చూశాడు. కట్టను బల్లకేసి తట్టి అంచులు సరిచేశాడు. దబ్బనం తీసి మైనం రాశాడు. సుత్తితో కొట్టాడు. మూడు వందల ఇరవై పేజీల్లోంచి అది ఒకే దెబ్బకు దిగింది. దారం దూర్చి లాగి ముడివేశాడు. ఐదు కట్టలూ అట్లే కుట్టాడు. వీపులకు గుడ్డ అంటించి, అట్టలు కట్టి, రెగ్జిన్ మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఇనుప ప్రెస్సులో బిగించాడు. జితేందర్ ఈలోగా రెండుసార్లు గడియారం చూసుకున్నాడు, ఒకసారి కునికిపాటు పడ్డాడు.

సాయంత్రం ప్రెస్సు విప్పి, వీపుల మీద బంగారు అక్షరాలు కొట్టి, పుస్తకాలు చేతికిచ్చాడు. జితేందర్ ఒకటి తెరిచి 314వ పేజీ చూశాడు. ఆ తర్వాత, ఇంతకుముందు ఇక్కడ పుస్తకాలు కుట్టించుకున్న అలవాటుతో, వెనక అట్ట తిప్పాడు. రెండో పుస్తకం తిప్పాడు. మూడోది కూడా.

"కాకా, నీ చిట్టీ అతికియ్యలేదేంది?"

బుధవారం తీసి పెట్టుకున్న ఐదు చిట్టీలు బల్ల మూలన అట్లే ఉన్నాయి. బక్కయ్య వాటిని చేతిలోకి తీసుకుని రేకు డబ్బాలో వేశాడు. డబ్బా నిండుగా ఉంది.

"అయిపోయినయ్" అని మూత నొక్కాడు.